శ్రీయుత సెట్టు గారికి

అయ్యా,

ఇంగ్లిషులో ‘సెట్’ అనే మాటగా మీ దర్జా మాకు తెలియనిది కాదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది మీరే. 430 అర్థాలని లెక్క చెబుతారు. తర్వాత ‘రన్’ మిమ్మల్ని దాటేసిందట. నిజానికి మీరు ఒక్కరు కూడా కారు. కూర్చోబెట్టే సెట్టు పాత ఇంగ్లిషు ‘సెట్టన్’ సంతానం, గుంపు అనే సెట్టు లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినాయన. ఇద్దరూ ఒకే రేషన్ కార్డు మీద బియ్యం తీసుకుంటున్నారు. ఇక ఎంసెట్ చివర ఉన్నాయన మీ వంశమే కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కు పొట్టిపేరు. తెలంగాణలో 2024 నుంచి అది ఈఏపీసెట్ అయింది, ఆ తోక మాత్రం ఊడలేదు.

సోఫా సెట్టుతో మాకు పేచీ లేదు. పంపుసెట్టు, టిఫిన్ సెంటర్లో సెట్ దోశ కూడా మీవే, ఏలుకోండి. మా గొడవల్లా మా క్రియల గురించి. హైదరాబాద్‌లో ఒకప్పుడు పాలు తోడుకునేవి, బేరం కుదిరేది, చొక్కా నప్పేది, కొత్త ఊరి నీళ్లు ఒంటికి పడేవి. ఇప్పుడు అన్నీ ‘సెట్’ అవుతున్నాయి.

పెరుగు సంగతే చూడండి. ‘తోడుకోలేదు’ అంటే తప్పెక్కడో ఆ మాటే చెబుతుంది, తోడు అందులోనే ఉంది కదా. లీటరు పాలకు చెంచాడు పెరుగు చాలు. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వెచ్చగా ఉండాలి. పొగలు కక్కే పాలలో వేస్తే తోడు చస్తుంది. పూర్తిగా చల్లారాక వేస్తే జనవరిలో తెల్లారేసరికి కూడా పాలు పాలుగానే ఉంటాయి. మధ్యలో గిన్నె కదిపారా, నీళ్లు తేలతాయి. ‘సెట్ కాలేదు’ అంటే మాత్రం తప్పు ఎవరిదో తేలదు. గిన్నెదేమో!

పెరుగుతో పోయేది ఒక పూట మజ్జిగే. స్లాబు అలా కాదు. ‘సెట్ అయింది సార్’ అని మేస్త్రి అన్నాడంటే ఆయన చెప్పేది మాలు బిగుసుకుందని. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు తొలి బిగువు 30 నిమిషాలలోపు రాకూడదని, తుది బిగువు 600 నిమిషాలు దాటకూడదని ప్రమాణం. అంటే పది గంటల్లో ఆ ముచ్చట ముగుస్తుంది. బలం రావడం వేరు. దాన్ని 28 రోజులకు పరీక్షిస్తారు. ఓనరుకు రెండు చోట్లా వినపడేది మీ పేరే, అందుకే నాలుగో రోజుకు నీళ్లు పట్టడం మానేస్తాడు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ఆ మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు తడపమంటుంది, వేడి, పొడి వాతావరణమైతే 10. మన మే నెల ఎండ ఏ లెక్కలోకి వస్తుందో చెప్పాలా? నీళ్లు తగ్గితే పైపొర ఎండి సన్నగా పగుళ్లిస్తుంది, తొలి వానకు సీలింగు చెమ్మగిల్లుతుంది. కింద ఆసరా కర్రలు కూడా, స్లాబు ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి 4.5 మీటర్ల వరకైతే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు కదపకూడదు. తొందరపడి పీకేస్తే స్లాబు నడుం వంగుతుంది. బిగుసుకుంటున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపే ఘనులూ ఉన్నారు. దాన్నీ ‘సెట్ చేయడం’ అనే అంటారు లెండి.

ఇక ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీకి సెట్‌బ్యాక్ అని పేరు పెట్టారు. అది వదలకపోయినా ఏం కాదట, లోపల సెట్టింగ్ ఉందట. ఒకే ఫైలులో మీరే నిబంధన, మీరే దానికి విరుగుడు. ఈ తెలివి ఆక్స్‌ఫర్డ్ వాళ్లకు ఏ ముద్రణలోనూ అందదు.

తోడుకోవడం, కుదరడం, నప్పడం, పడటం. ఈ నాలుగూ మా ఇంటివి, మాకు తిరిగి పంపించేయండి. జవాబులో ‘చూద్దాం, సెట్ చేద్దాం’ అని మాత్రం రాయకండి.

అన్నట్టు, ఇంగ్లిషులో సూర్యుణ్ణి దించే పని కూడా మీదేనట. ఇక్కడ ఇంకా పొద్దు గూకుతూనే ఉంది. ఆ ఒక్కటీ మీకు సెట్ కాలేదు.

ఇట్లు,
తోడుపెట్టిన గిన్నె దగ్గర కాపలా ఉన్నవాళ్లు