ఎన్ని గంటలు నానబెట్టారు?

విశాఖలో మనిషి స్థాయి తేల్చడానికి ఇదివరకు మంచి కొలతలే ఉండేవి. సొంతిల్లా అద్దిల్లా, స్టీల్‌ప్లాంటా పోర్టా, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందా లేక మెడ సాచితేనే కనిపిస్తుందా. ఇప్పుడవన్నీ పాతబడ్డాయి. ఆదివారం సాయంత్రం మేడమీద బార్బెక్యూకి, అంటే మాంసం కాల్చడానికి, బొగ్గులు రాజేశాక అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఎన్ని గంటలు మ్యారినేట్ చేశారండీ?’

నాలుగు గంటలన్నవాణ్ని ఎవరూ ఏమీ అనరు, జాలిగా చూస్తారంతే. రాత్రంతా నానిందన్నవాడికి కుర్చీ దొరుకుతుంది. శుక్రవారమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టానన్నవాడు అసోసియేషన్ ఎన్నికల్లో నిలబడితే ఏకగ్రీవమే. ఎవరి జోలికీ పోకుండా సజావుగా నడుస్తున్న ఈ వ్యవస్థకి ఇప్పుడు సైన్సు రూపంలో ముప్పు వచ్చిపడింది.

సైన్సు చెప్పేదేమిటంటే, మనం పట్టించే సరంజామాలో ముక్క లోపలిదాకా దిగేది దాదాపు ఉప్పొక్కటేనట. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గరం మసాలా, అంత పేరున్న గుంటూరు కారం కూడా పైన కొద్ది మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. పెరుగూ నిమ్మరసమూ అంతే, వాటి పెత్తనమంతా పై పొర మీదే. పులుపులో మరీ ఎక్కువసేపు ఉంచితే ఆ పొర పిండిపిండిగా అయిపోతుంది. రొయ్యలకైతే అరగంట కూడా ఎక్కువే. కోడి కాలుకీ చేపకీ మన పెద్దవాళ్లు కత్తితో గాట్లు పెట్టింది ఇందుకే. మసాలా తనంతట తాను లోపలికి పోదని వాళ్లకి ఏ ల్యాబూ చెప్పక్కర్లేకపోయింది.

ఇలాంటి విషయాలు బయటికి పొక్కకూడదు. ఉప్పు ముందే రాసి, మసాలా ఓ రెండు గంటల ముందు కలిపినా సరిపోతుందని తెలిస్తే జనం మళ్లీ పిల్లల ర్యాంకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఏది నయమో పాఠకులే ఆలోచించాలి.

సాసుల విషయంలో మాత్రం మనది విశాల హృదయం. అమెరికాలో ప్రాంతానికో సాసు, సాసుకో పంతం. కాన్సస్ సిటీ వాళ్లది టొమాటో, మొలాసిస్ అనే చెరకు మడ్డితో చిక్కగా, తియ్యగా ఉంటుంది. నార్త్ కరోలినా తూర్పు వైపు వాళ్లు వెనిగర్, మిరప చాలు పొమ్మంటారు. సౌత్ కరోలినాలో ఆవాల సాసు. అలబామాలో ఏకంగా మయొనైజ్‌తో చేసిన తెల్ల సాసు. అక్కడ ఏది అసలైన బార్బెక్యూ అని తగవులు పడతారు. ఎంవీపీ కాలనీలో ఇవన్నీ ఒకే ఫ్రిజ్ తలుపులో, ఒకే ఎక్స్‌పైరీ డేటు దాటి, కలిసిమెలిసి ఉంటున్నాయి. ఆవపిండి, కారం, పులుపు, నూనె నాలుగూ ఉన్న పదార్థం పక్కనే జాడీలో ఉంది కదా, ఆ గుజ్జు ముక్కకి రాసి కాలిస్తే ఎలా ఉంటుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జాడీ మీద బార్‌కోడ్ లేదు మరి.

పొడి మసాలా పట్టించి కాల్చే పద్ధతికి, అదే డ్రై రబ్‌కి, ఈ ఊళ్లో వాతావరణం అనుకూలించదు. ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసుకుంటే తప్ప ఉప్పే రాలని ఊరు ఇది. బీచ్ రోడ్డు ఇళ్లలో రబ్ సీసా మూత తీస్తే లోపల పొడి ఉండదు, ఉండ ఉంటుంది. చెంచా వెనకతో పొడిచి తీసుకోవాలి.

మొన్న డాలస్ నుంచి వచ్చిన బావగారు ఆ ఉండని పొడుస్తూనే, టెక్సాస్‌లో బ్రిస్కెట్‌కి, అంటే గొడ్డు రొమ్ము మాంసానికి, ఉప్పూ మిరియాల పొడీ తప్ప మరేమీ వేయరని, దాన్ని పొగలో పది పన్నెండు గంటలు ఉంచుతారని సెలవిచ్చారు. అత్తయ్య సాంతం విని, ‘బాలింతకి పెట్టే పథ్యంలా ఉంది నాయనా’ అంది.

ఆయన ఏప్రన్ కట్టుకున్నారు. ఏడాది పొడుగునా స్టవ్వు వెలిగించని మగవాళ్లంతా పట్టకారు కోసం ఆయన చుట్టూ మూగారు. కొబ్బరి పీచుతో బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసిరి, పొగంతా మింగింది వాచ్‌మన్. కింద రుబ్బింది అత్తయ్య. వంట చేసింది మాత్రం బావగారు. తియ్య సాసుని మొదట్లోనే కుంచెతో దట్టంగా పూసేశారు. చక్కెర 160 డిగ్రీలు దాటాక రంగు తిరిగి, ఆపైన మాడి చేదెక్కుతుంది. బొగ్గులకి ఆ వేడి ఓ లెక్క కాదు. అందుకే అలాంటి సాసు దింపే ముందు, చివరి నిమిషాల్లో పూయాలి. అయిదు నిమిషాల్లో ముక్కలు నిగనిగలాడుతూ నల్లబడ్డాయి. వాచ్‌మన్ వంగి చూసి, ‘పైన మాడిపోనాది బాబూ, నోపల పచ్చిగే ఉన్నాది’ అన్నాడు. చికెన్ లోపల 74 డిగ్రీలకి చేరాలని బావగారికి తెలుసు, థర్మామీటరు కూడా తెచ్చారు. అది చూపించిన అంకె ఆయన ఎవరికీ చెప్పలేదు. పచ్చి చికెన్ నానిన గిన్నెలో మిగిలిన మసాలాని, మరిగించకుండానే, ఆఖరి మెరుగుగా ముక్కల మీద పోయబోతుంటే అత్తయ్య గిన్నె లాక్కుంది. ముక్కలన్నీ కిందికెళ్లాయి. మూకుడు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు. పైకి వచ్చినదాన్ని అందరూ లొట్టలేసుకుంటూ తిని, బార్బెక్యూ అదిరిందని బావగారి చేయి ఊపారు.

అరకు దారిలో బొంగు చికెన్ అమ్మేవాళ్లకి కూడా ఈ గంటల ప్రశ్న తప్పడం లేదు. మసాలా కలిపిన చికెన్‌ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి మూసి, చుక్క నూనె లేకుండా నిప్పుల మీద తిప్పుతారు. బొంగులోని తడికే ముక్క ఉడుకుతుంది. ఎన్ని గంటలు నానబెట్టారని కారు దిగినవాళ్లు అడిగితే, ‘ఇప్పుడే కలిపేం సార్’ అని ఉన్నమాట చెప్పేస్తున్నారు. వ్యాపార మెళకువలు ఇంకా ఒంటబట్టలేదు.

పోటీలో నిలవాలంటే మా పైఅంతస్తు ఆయన్ని చూసి నేర్చుకోవాలి. మటన్ మెత్తబడడానికి పచ్చి బొప్పాయి ముద్ద వేస్తారని ఆయన ఎక్కడో విన్నారు. నిజమే, బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైము మాంసంలోని ప్రొటీన్లని తెగ్గొడుతుంది. కొంచెం వేసి, గంటో రెండో ఉంచితే చాలు. ఆయన సగం కాయ వేసి మూడు రాత్రులు ఉంచారు. ఆదివారం ఊచకి గుచ్చబోతే ముక్క నిలవలేదు, ఇంకోటి తీస్తే అదీ జారిపోయింది. చివరికి గరిటెతో వడ్డించారు. అందరం స్పూన్లతో, గౌరవంగా తిన్నాం. డెబ్బై రెండు గంటలు. కాలనీలో ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది.