లోపల మనవాడున్నాడు

మా నాన్న లెక్కలో ప్రపంచంలో ఆఫీసులు రెండే రకాలు: మనవాళ్లున్నవి, మనవాళ్లు లేనివి. తణుకులో గ్యాస్ కనెక్షన్ దగ్గర్నుంచి తిరుపతిలో దర్శనం దాకా ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "లోపల మనవాళ్లెవరున్నారు?" చిన్నప్పట్నుంచీ అది వినీ వినీ విసిగిపోయి, ఎమ్మెస్‌కి అమెరికా విమానం ఎక్కినప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అక్కడ సిఫారసులుండవు, అంతా ప్రతిభే అనుకున్నాను. ఆ నమ్మకం చాలా ఏళ్లే నిలిచింది. నేను పైలట్‌ని అయ్యేదాకా.

ఆరేళ్లు జావా రాశాను. మా ఆవిడ ఇక్కడే పుట్టిన పిల్ల కాబట్టి గ్రీన్‌కార్డు తొందరగా వచ్చింది. అది చేతికొచ్చిన వారానికే డల్లాస్ దగ్గర డెంటన్‌లో ఎగరడం నేర్చుకునే చిన్న విమానం సెస్నా 172 ఎక్కాను. ఇంక దిగలేదు. మన దేశంలో 200 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్సు, ఆపైన టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికి విడిగా శిక్షణ, చేసుకుంటే ఎయిర్‌బస్‌లో కుడి సీటు, అంటే కో-పైలట్ ఉద్యోగం, దొరకొచ్చు. ఇక్కడ ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే మామూలుగా 1500 గంటలు కావాలి. 2009లో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత చట్టం చేసి, 2013 నుంచి అమల్లో పెట్టారు. ఆ విమానం నడిపిన ఇద్దరికీ 1500 కన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి కదా అని పైలట్లు ఇప్పటికీ గొణుగుతుంటారు. అది వేరే గొడవ. ఆ గంటలు కూడబెట్టడానికి అందరూ చేసే పనే నేనూ చేశాను: నాకు సరిగ్గా రాకముందే ఇంకొకళ్లకి నేర్పడం. అలా చిన్న ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌ని, అదే కో-పైలట్‌ని, అయ్యాను. ఇక మిగిలింది పెద్ద ఎయిర్‌లైన్. దాని పేరు చెప్పను. ఏ ఊళ్లో ఉందో కూడా చెప్పను, చెబితే పేరు చెప్పినట్టే.

ఇందులో తొందరెందుకంటే, ఎయిర్‌లైన్‌లో పైలట్ బతుకంతా చేరిన తేదీ మీదే నడుస్తుంది. ఏ విమానం, ఏ ఊరు, దీపావళికి సెలవు దొరుకుతుందా, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు ఎప్పుడు, అన్నీ సీనియారిటీ నంబరే చెబుతుంది. నాకన్నా ఒక్కరోజు ముందు చేరినవాడు, 65 ఏళ్లు నిండి దిగిపోయేదాకా నాకు ముందే. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు లాంటివాడు. వంట రాకపోయినా తాళాలగుత్తి ఆవిడదే.

అప్లికేషన్ నింపడానికి మూడు వారాలు పట్టింది. ఉన్న ఇళ్లన్నీ, చేసిన ఉద్యోగాలన్నీ, తప్పిన పరీక్షలన్నీ, చివరికి ఓ ఆదివారం గుడికి ఆలస్యమైందని కారు తోలి కట్టిన స్పీడింగ్ ఫైను కూడా రాశాను. పంపాక తెలిసింది, అలాంటివి వేలల్లో ఉంటాయని. కుప్పలోంచి మనది పైకి రావాలంటే అక్కడ పనిచేసే పైలట్ ఎవరైనా "వీణ్ణి నేనెరుగుదును" అని రాయాలి. దాన్ని ఇంటర్నల్ రెకమెండేషన్ అంటారు. అలా రాసేవాడు తనని తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: నాలుగు రోజుల ట్రిప్పులో వీడి పక్కన కూర్చోగలనా? పెళ్లిచూపుల్లో కూడా ఇంత సూటిగా అడగరు.

"అంటే సిఫారసే కదా," అంది మా ఆవిడ.

"కాదు. ఇంటర్నల్ రెకమెండేషన్."

"మావయ్యగారికి చెప్పనా?"

"ఛస్తే చెప్పకు."

నా మొదటి ప్రయత్నం జంప్‌సీటులో జరిగింది. పైలట్లు డ్యూటీకి పోవడానికీ, ఇంటికి రావడానికీ వేరే ఎయిర్‌లైన్ విమానాల్లో కూడా కాక్‌పిట్‌లో వెనకుండే మడత సీట్లో ఊరికే వెళ్లొచ్చు. కెప్టెన్ సరేననాలి, అంతే. నా డ్యూటీ మొదలయ్యే ఊరు చికాగో, నా ఇల్లు డల్లాస్. ఆ రోజు దొరికింది సరిగ్గా నాకు కావాల్సిన ఎయిర్‌లైన్ విమానమే. ఉత్త చేతుల్తో వెళ్లడం మర్యాద కాదని అమ్మ పంపిన ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్లాను. కెప్టెన్ పెద్దమనిషి. పైన ఉన్నది చుట్టిన కాగితమనుకుని పొరలన్నీ ఓపిగ్గా ఒలిచి పక్కన పెట్టి, లోపల రాలిన పంచదార మాత్రం నోట్లో వేసుకుని "చాలా బావుంది" అన్నాడు.

పదివేల అడుగుల కింద ఉన్నప్పుడు కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదని రూలు. కాబట్టి నా దగ్గరున్న వ్యవధి ఎక్కేటప్పటి పదివేలకీ, దిగేటప్పటి పదివేలకీ మధ్య. అది దాటగానే కెప్టెన్ తన ఇంటి కప్పు గురించి మొదలుపెట్టాడు. వసంతం వస్తే డల్లాస్ చుట్టుపక్కల నిమ్మకాయలంత వడగళ్లు పడతాయి, కప్పులు చిల్లులు పడతాయి, ఆ వెనకే ఇన్సూరెన్సువాళ్లతో యుద్ధం. ఆ యుద్ధం ఒక్లహోమా మీదుగా, మిస్సోరీ మీదుగా సాగింది. నేను తలూపుతున్నాను. మంచి శ్రోత పక్కన నాలుగు రోజులేం ఖర్మ, నలభై రోజులైనా కూర్చోవచ్చని ఆయనకే తోచాలని నా ఎత్తు. చివరికి ఇన్సూరెన్సువాళ్లు ఓడిపోయారు. నేను గొంతు సవరించుకుని, "కెప్టెన్, మిమ్మల్ని ఒక చిన్న సాయం..." అన్నాను.

"పదివేలు," అన్నాడు ఫస్ట్ ఆఫీసర్.

నోరు మూసుకున్నాను. గేటు దగ్గర ఆగాక కెప్టెన్ వెనక్కి తిరిగి, "ఏదో అడగబోయావు?" అన్నాడు ఎంతో ఆప్యాయంగా. తలుపు తెరిచి ఉంది, జనం దిగుతున్నారు, ఫస్ట్ ఆఫీసర్ నన్నే చూస్తున్నాడు. ఎదుటివాడి కాక్‌పిట్‌లో ఊరికే కూర్చుని ఉద్యోగం అడుక్కోవడం ఎంత లేకితనమో ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

"మీ కప్పు బాగుచేసినతని నంబరు ఇస్తారా?" అన్నాను.

ఇచ్చాడు. మా కప్పు నిక్షేపంలా ఉంది.

రెండో ప్రయత్నం నా పాత శిష్యుడు. డెంటన్‌లో నా దగ్గర ఎగరడం నేర్చుకున్న కుర్రాడు. గుర్తింపున్న కాలేజీలో నాలుగేళ్ల ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకి 1500 బదులు 1000 గంటలు చాలు. వాడు ఆ దారిన నన్ను దాటుకుని పెద్ద ఎయిర్‌లైన్‌లో ముందే చేరిపోయాడు. ఫోన్ చేస్తే, "తప్పకుండా రాస్తా. కానీ నిజమే రాస్తా. నువ్వు నేర్పిందదే కదా," అన్నాడు. ఒక గాలి రోజున వాడితో పదకొండుసార్లు ల్యాండింగ్ చేయించి, పన్నెండోది కూడా బాగాలేదని చెప్పిన సంగతి నాకెందుకో గుర్తొచ్చింది.

ఈలోగా మా ఆవిడ మాట నిలబెట్టుకుంది, నాన్నకి చెప్పలేదు. అమ్మకి చెప్పింది.

మర్నాడే బాబాయ్ ఫోన్. బాబాయంటే సొంత బాబాయ్ కాదు, మా వీధిలో చివరి ఇల్లు. ఆ ఎయిర్‌లైన్ ఐటీలో కాంట్రాక్టు మీద చేరి పర్మినెంట్ అయ్యాడని నాకు తెలీదు.

"ఏరా, నువ్వు పైలట్‌వని నాకో మాట చెప్పొద్దూ? మా దగ్గర పైలట్ పోస్టు ఖాళీ ఉంది. నిన్ననే చూశాను."

"బాబాయ్, పైలట్లకి వేరే సైటుంటుంది. వాళ్ల రెకమెండేషన్లు కూడా వేరే."

"అవన్నీ బయటివాళ్లకి రా. రెజ్యూమె కూడా అక్కర్లేదులే, నా దగ్గరుంది."

"మీ దగ్గరెక్కడిది?"

"నీ పెళ్లి సంబంధాలప్పుడు మీ నాన్న పంపింది. పైన పైలట్ అని ఒక లైను కలిపానంతే. ఎత్తు కూడా ఉంది అందులో, పనికొస్తుంది."

నాలుగో రోజున ఇంటర్వ్యూకి రమ్మని మెయిలొచ్చింది. వేలమంది నెలల తరబడి ఎదురుచూసేదానికి నాలుగు రోజుల్లో పిలుపా అని అనుమానం రావాలి. రాలేదు. నాన్న రక్తం కదా, లోపల మనవాడుంటే అంతే మరి అనుకున్నాను. సూటు ఇస్త్రీ చేయించాను. ఎగిరిన గంటలు రాసుకునే మూడు లాగ్‌బుక్కుల్లో ప్రతి పేజీ కూడి చూసుకున్నాను. వీడియో కాల్లో అమ్మ వాటికి బొట్టు పెట్టించింది.

గదిలో ముగ్గురున్నారు. ఒకావిడ, ఒక గడ్డమాయన, తెరమీద ఇంకొకతను. గడ్డమాయన నిక్కర్లో ఉన్నాడు. పెద్ద సంస్థ, పట్టింపుల్లేవు కాబోలు అనుకున్నాను. ఆవిడ ముందుగా బాబాయ్ రాసిన సిఫారసు చదివింది. "నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మంచి కుటుంబం. పెద్దలంటే గౌరవం. చెడ్డ అలవాట్లు లేవు. ఇప్పుడైతే అసలు తాగడు."

ఆ 'ఇప్పుడైతే' దగ్గర నాకు చెమటలు పట్టాయి. పైలట్ గురించి రాయకూడని మాట ఏదైనా ఉందంటే అదే. గబగబా అందుకున్నాను: తాగాక ఎనిమిది గంటలదాకా నడపకూడదని చట్టం, నేను పార్టీల్లో కూడా కొబ్బరినీళ్లే.

"మేమంత పట్టించుకోం," అన్నాడు గడ్డమాయన. "శుక్రవారం నాలుగింటికే ఇక్కడ బీరు తెరుస్తాం."

నేను ఇన్నాళ్లూ ఎక్కిన వాళ్ల శుక్రవారం విమానాలన్నీ కళ్లముందు తిరిగాయి.

"ఇప్పటిదాకా ఎన్ని పైలట్లు నడిపారు?" అంది ఆవిడ.

ఇన్‌స్ట్రక్టర్‌గా అనుభవం అడుగుతోందనుకున్నాను. "పదకొండు. పది విజయవంతం. ఒకటి మధ్యలో ఆగిపోయింది."

"కారణం?"

"కడుపులో తిప్పేది."

తెరమీదతను అది రాసుకున్నాడు. "క్లౌడ్‌లో ఎంత అనుభవం?"

ఇది నాకు కంఠతా వచ్చు. "నూట ఎనభై గంటలండీ. ఎక్కువ రాత్రిపూటే."

"ప్రైవేటా?"

"మొదట ప్రైవేట్. తర్వాత కమర్షియల్."

"మైగ్రేషన్ సమస్యలు ఎదురయ్యాయా?"

"ప్రతి అక్టోబర్లోనూ," అన్నాను. అమెరికా నడిమధ్య నుంచి సాగే వలసపక్షుల దారిలోనే ఉంది టెక్సాస్. "బాతులైతే గుంపులుగా వస్తాయి. ఒకసారి ముక్కుకే తగిలింది."

ముగ్గురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఈ టెక్సాస్ వాళ్ల నుడికారమే అంత అనుకున్నట్టున్నారు. గడ్డమాయన మాత్రం ముందుకు వంగి, "ఒకేసారి నాలుగు సమస్యలొచ్చి పడితే ఏం చేస్తారు?" అన్నాడు.

"ముందు ఎగురుతున్నది ఎగురుతూ ఉండేలా చూసుకోవాలి. తర్వాత ఎటు పోవాలో చూసుకోవాలి. ఆ తర్వాతే నోరు విప్పాలి."

"అద్భుతం," అన్నాడాయన. "మా మేనేజర్లు మూడోది ముందు చేస్తారు."

నాకు ధైర్యం వచ్చింది. కుర్చీలో కాస్త వెనక్కి జారాను. అప్పుడు ఆవిడ అడిగింది: "సరే, అర్ధరాత్రి క్రాష్ అయింది. తర్వాతి అయిదు నిమిషాల్లో మీరేం చేస్తారు?"

ఎంత ఆలోచించినా జవాబు తట్టలేదు. "క్రాష్ అయ్యాక నేను చెయ్యడానికి ఏముంటుందండీ?" అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. ఆవిడ చూపు మెల్లగా నా లాగ్‌బుక్కుల మీదికి, వాటి మీదున్న బొట్టు మీదికి పాకింది. "అవేమిటి?" అంది. తెరిచి చూపించాను. చాలాసేపు చూసింది.

"మీరు నిజంగా విమానం నడుపుతారా?"

"మీరేం నడుపుతారు?" అన్నాను, నాకూ అనుమానం వచ్చి.

వాళ్లు నడిపేది సామాన్లు ఎక్కడున్నాయో చెప్పే ఒక యాప్‌. దేశమంతటా పెట్టే ముందు రెండు ఎయిర్‌పోర్టుల్లో ప్రయోగంగా పెట్టి చూస్తారు. అదీ పైలట్. దాన్ని చూసుకునేవాడు పైలట్ ప్రోగ్రాం లీడ్. బాబాయ్ కంపెనీ సైటులో 'పైలట్' అని కొట్టి, వచ్చినవాటిలో మొదటిదానికి నన్ను సిఫారసు చేశాడు.

నవ్వుకుంటూ లిఫ్టు దాకా వచ్చి సాగనంపారు. కథ అక్కడితో ఆగితే బావుండేది. రెండు రోజుల తర్వాత ఆఫరొచ్చింది. ఒత్తిడిలో నిబ్బరంగా మాట్లాడినందుకట. ఆరేళ్ల జావా ఉండనే ఉంది. జీతం ఇప్పటిదానికన్నా ఎక్కువ.

"చూశావా, లోపల మనవాడుంటే ఎలా ఉంటుందో!" అన్నాడు నాన్న. తణుకులో స్వీట్లు కూడా పంచేశాడు. నేను చేరనని చెప్పిన దగ్గర్నుంచీ బాబాయ్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఒక్క మూడు నెలలు చేసి మానెయ్యమంటాడు. తను సిఫారసు చేసినవాడు చేరి మూడు నెలలుంటే ఆయనకేదో బోనసు వస్తుందని పిన్ని ద్వారా తెలిసింది.

నిన్న రాత్రి డ్యూటీ దిగి, గేటు దగ్గర జంప్‌సీటు కోసం ఎదురుచూస్తుంటే శిష్యుడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"నీ రెకమెండేషన్ ఇప్పుడే పంపాను. అంతా బాగా రాశాను. నాలుగు రోజుల ట్రిప్పు మాటొచ్చిన చోట మాత్రం, మూడు రోజులైతే ఖాయంగా కూర్చుంటానని పెట్టాను."