సవరణ: డోరేమాన్ అంతరిక్ష చిత్రం విడుదల సంవత్సరం, మూలకథ

‘నోబితాస్ లిటిల్ స్టార్ వార్స్ 2021’ అనే డోరేమాన్ చిత్రాన్ని ఇంతకుముందు పరిచయం చేసినప్పుడు, అది 2021లో విడుదలైన సరికొత్త కథ అని రాయడం జరిగింది. ఆ రెండు వివరాలూ సరికావు. 2021 మార్చిలో రావలసిన ఈ చిత్రం కరోనా వల్ల వాయిదా పడి, 2022 మార్చి 4న జపాన్ థియేటర్లలో విడుదలైంది. పేరులోని సంవత్సరాన్ని మాత్రం మార్చలేదు.

కథ కూడా కొత్తది కాదు. ఫుజికో ఎఫ్. ఫుజియో కామిక్ ఆధారంగా 1985లోనే ఇది తెరకెక్కింది. సొంత గ్రహమైన పిరికా నుంచి ప్రాణాలు దక్కించుకుని చిన్న రాకెట్‌లో భూమికి చేరిన బాల అధ్యక్షుడు పాపి, మన అరచేతిలో ఇమిడిపోయేంతటివాడు. అతనికి అండగా నిలవడానికి నోబితా బృందం, వెలుగు పడితే మనిషిని కుదించే టార్చిలైటుతో తామూ అంత చిన్నవాళ్లవుతారు. తీరా ఆ లైటు శత్రువుల చేతికి చిక్కడంతో, ఆ బుల్లి ఆకారాలతోనే పోరాడక తప్పని పరిస్థితి వస్తుంది; నా దృష్టిలో రెండు చిత్రాలకూ ప్రాణం ఈ ఘట్టమే. పాపి అక్క పీనా పాత్ర మాత్రం పాత చిత్రంలో లేదు, కొత్తదానికోసమే సృష్టించారు.