ఓ అప్‌డేటూ, రేపు రా

బైరాగిపట్టెడ,
తిరుపతి.

మహారాజశ్రీ 'తర్వాత గుర్తు చేయి' బటన్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. మీకేం, మీరు ఎప్పుడూ కుశలమే. ఇక్కడ మాత్రం కంప్యూటర్‌కు జబ్బు చేసింది, దాని పక్కన కూర్చున్న నాకు రక్తపోటు పెరిగింది.

మనది పదిహేనేళ్ల పరిచయం. 2010లో మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న డెస్క్‌టాప్ ఇది. విండోస్ 7, రెండు జీబీ ర్యామ్. ఇంతకంటే కొత్తది మార్కెట్‌లో లేదని దుకాణదారు ప్రమాణం చేశాడు. అమ్మాయి చదువు ముగించుకుని బెంగళూరు వెళ్లిపోయింది. కంప్యూటర్‌ను, దానితోపాటు మిమ్మల్ని నాకు వదిలిపెట్టింది. ఇప్పుడది స్విచ్ వేయగానే తెరుచుకోదు. కొండ మీద వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నట్టు కూర్చోవాలి. పాలు కాగి, కాఫీ కలిసి, పేపర్ మొదటి పేజీ పూర్తయ్యాక గేటు తీస్తుంది.

మిమ్మల్ని మొదటిసారి నొక్కింది దైవకార్యం కోసమేనని ఇక్కడ నమోదు చేయాలి. తిరుపతిలో సొంత ఇల్లున్నవాడికి జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. బంధువులకు దర్శనం టికెట్లు చూసిపెట్టడం. నెలకోసారి ఉదయం పది గంటలకు 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. నిమిషాల్లో అయిపోతాయి. ఆ నిమిషాల్లోనే పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు తప్పు లేకుండా కొట్టాలి. అందుకే శ్రీకాకుళంలోని మేనత్త మనవడి నుంచి హోసూరులోని వియ్యంకుడి తమ్ముడి దాకా 43 మంది ఆధార్ కాపీలు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. మా వంశవృక్షం గీసినవాళ్లు ఎవరూ లేరు గాని, స్కాన్ చేసినవాడిని నేనున్నాను.

ఒకనాడు సరిగ్గా తొమ్మిది యాభై ఎనిమిదికి కుడి మూలన చిన్న పెట్టె లేచింది. అప్‌డేట్లు పూర్తి కావాలంటే కంప్యూటర్‌ను ఆపి తెరవాలంది. కింద మీరు. మీలో మూడు వరుసలు: పది నిమిషాలు, ఒక గంట, నాలుగు గంటలు. అవతల పెద్దబావగారి షష్టిపూర్తి మొక్కు. ఆ స్థితిలో ఎవరైనా ఏం చేస్తారు? నాలుగు గంటలు నొక్కాను. టికెట్లు దొరికాయి. మీ మీద నాకు భక్తి కుదిరింది.

ఆ తర్వాత సంగతి ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది. టికెట్లు నెలకు ఒక్కరోజే. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ నేను ఆ యంత్రం మీద చేసే ఘనకార్యం పేకాట, అదీ ఒక్కడినే. అయినా ఆ పెట్టె లేచినప్పుడల్లా నాకు ఏదో అత్యవసరం వచ్చేది. ఒకప్పుడు మన పల్లెల్లో తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో 'ఓ స్త్రీ, రేపు రా' అని రాసేవారు. రాత్రిపూట తలుపు తట్టే దయ్యం ఆ మాట చదువుకుని, సరే రేపే వద్దామని వెనక్కి వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చినా అదే రాత కనిపిస్తుంది. దయ్యం చదువుకున్నదీ మర్యాద గలదీ కాబట్టి ఆ ఏర్పాటు సాగింది. నేను అదే రాతను నా కంప్యూటర్ గుమ్మం మీద రాశాను. తలుపు తట్టింది దయ్యమా, తాళాలు బాగుచేసే మనిషా అని మాత్రం తొంగి చూడలేదు.

2017 మే నెలలో ఒకసారి చూసి ఉండవలసింది. ఆ నెల 12న వానాక్రై అనే వైరస్ లోకం మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కట్టమంది. (మూడు వందలు అనగానే నాకు దర్శనం టికెట్టే గుర్తొచ్చింది, ఏం చేయను.) ఇంగ్లండ్‌లో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాయి. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. అంటే 59 రోజుల ముందు. పడినవాటిలో ఎక్కువ భాగం నాలాంటి వాళ్ల విండోస్ 7 యంత్రాలే. ఆ 59 రోజుల్లో మీరు నా దగ్గరకు ఎన్నిసార్లు వచ్చి వెళ్లారో మీకే తెలియాలి. నా యంత్రానికి మాత్రం ఏమీ కాలేదు. దానితో నా తలబిరుసు ఇంకో మెట్టు ఎక్కింది. ఇంటికి వచ్చినవాళ్లతో, "అవన్నీ పెద్ద ఆఫీసులకు వచ్చేవండీ, మన ఇంటికి ఎందుకు వస్తాయి?" అనడం మొదలుపెట్టాను.

2020 జనవరిలో మీరు ఆఖరిసారి వచ్చారు. ఏ రాత్రో కంప్యూటర్ ఆపేటప్పుడు నా కన్నుగప్పి ఒక అప్‌డేట్ దూరినట్టుంది. ఆ పుణ్యాన మీరు మూల వదిలి తెర నిండా విశ్వరూపం చూపించారు. విండోస్ 7కు జనవరి 14తో చెల్లిపోయిందని, ఇకపై రక్షణ అప్‌డేట్లు రావని అందులో రాసి ఉంది. అంత పెద్ద వార్త కింద కూడా మీరు ఉన్నారు. చావు కబురు చెప్పి, "తర్వాత గుర్తు చేయమంటారా?" అని అడగడం మీకే చెల్లింది. నేను మిమ్మల్ని కూడా కాదని, మీ పక్కన ఉన్న 'ఇక గుర్తు చేయవద్దు' నొక్కాను. ఆ తర్వాత అయిదేళ్లకు పైగా ఇంట్లో ఎంత ప్రశాంతత! ఏ పెట్టే లేవలేదు. కంపెనీ నా యంత్రానికి తిలోదకాలు వదిలితే, నేను దాన్ని ఆరోగ్యం అనుకున్నాను.

పోయిన నెల టికెట్లు ప్రింటు తీయించడానికి పెన్ డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ అంగడికి వెళ్లాను. అది యాత్రికుల ఊళ్లో జిరాక్స్ అంగడి. అక్కడి కంప్యూటర్‌లో రోజూ ఎన్ని రాష్ట్రాల పెన్ డ్రైవులు గుచ్చుతారో ఊహించండి. మనుషులకైతే టోకెన్లూ క్యూలూ ఉన్నాయి. వైరస్‌లకు అక్కడ నిత్యం సర్వదర్శనం, అదీ వేచి ఉండే పని లేకుండా. ఇంటికొచ్చి పెన్ డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లన్నీ ఉన్నాయి. ప్రతిదాని కాళ్ల దగ్గర చిన్న బాణం గుర్తు కొత్తగా మొలిచింది. 'ఆధార్' ఫోల్డర్ పక్కన 2 కేబీ అని ఉంది. 43 మంది, మూడు తరాలు, కలిపి రెండు కేబీ! మా వాళ్లు ఇంత తేలికైపోయారేమిటని నవ్వుకుని రెండుసార్లు నొక్కాను. ఫోల్డర్ ఎప్పటిలాగే తెరుచుకుంది. అనుమానం రాలేదు.

అనుమానం రాకుండా ఉండటమే అందులోని పనితనమట. చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు తర్వాత విప్పి చెప్పాడు. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోవు. మా ఆవిడ నగలను బియ్యం డబ్బాలో దాచినట్టు, వైరస్ వాటిని అక్కడే కనపడకుండా దాచేస్తుంది. వాటి పేరుతో, వాటి బొమ్మతో ఒక షార్ట్‌కట్ తయారుచేసి ముందు నిలబెడుతుంది. మనం దాన్ని నొక్కితే ముందు తన పని కానిచ్చుకుని, ఆ తర్వాత మనం అడిగిన ఫోల్డర్‌ను మర్యాదగా తెరిచి చూపిస్తుంది. అప్పటి నుంచి ఆ కంప్యూటర్‌లో ఏ పెన్ డ్రైవ్ గుచ్చినా దానికీ అంటుతుంది. గంగ జాతరలో వేషాలు కట్టే ఊరివాడిని నేను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం ఏటా చూస్తూ పెరిగాను. జాతర కథలో దుర్మార్గుడైన పాళెగాడు దాక్కుంటే, వాడిని పట్టడానికి అమ్మవారు వేషం మార్చింది. మా ఇంట్లో పాళెగాడే వేషం కట్టుకుని ఎదురొచ్చాడు. నేను గుర్తుపట్టకపోగా రెండుసార్లు నొక్కి దండం పెట్టాను.

వారం తిరిగేసరికి కంప్యూటర్ నాది కాకుండా పోయింది. బ్రౌజర్ తెరిస్తే నేను అడగని పేజీ వస్తుంది. దేవస్థానం పేరు కొట్టి వెతికితే, పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయిన సైట్లు ముందు వరుసలో నామాలు పెట్టుకుని నిలబడతాయి. నకిలీ సైట్ల మీద దేవస్థానం కేసులు పెడుతూనే ఉంది, అవి పుడుతూనే ఉన్నాయి. అసలు సైట్ పేరు కూడా 2024 జనవరిలో మారింది కాబట్టి, నాలాంటివాడికి ఏది అసలో ఏది కాదో ఒక్క క్షణం తికమకే.

ఒక శనివారం తెర మొత్తం ఎర్రబడింది. అంబులెన్సులా కూత. 'మీ కంప్యూటర్‌లో ప్రమాదకరమైన వైరస్ ఉంది, ఆపవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు. మీకోసం తెరంతా వెతికాను. లేరు. 'తర్వాత' అనే మాటకే అక్కడ చోటు లేదు. నేను ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఫోన్ అందుకున్నాను.

బటన్ గారూ, ఇక్కడ కాస్త ఆగుదాం. పదేళ్లపాటు నిజమైన హెచ్చరికలు చెప్పులు గుమ్మంలో విడిచి, తల వంచుకుని, "వీలు చూసుకోండి, గంటలో రమ్మంటారా, నాలుగు గంటల్లో రమ్మంటారా?" అని అడిగాయి. అన్నిటినీ తిప్పి పంపాను. దొంగ హెచ్చరిక చొక్కా పట్టుకుని అరిచింది. దానికి మాత్రం లేచి నిలబడ్డాను. మిమ్మల్ని తయారుచేసిన ఇంజినీర్లకు నా మనవి ఒకటే. నాలాంటివాడి దగ్గరకు అంత మర్యాదగా వస్తే ఎలా?

ఫోన్ ఆపింది మా ఆవిడ. వంటింట్లోంచి వచ్చి తెర వైపు ఒకసారి చూసింది. "ఏమండీ, గ్యాస్ అయిపోతే మనం పదిసార్లు ఫోన్ చేసినా పలకరు. ఈ అమెరికా కంపెనీ వాళ్లు మన కోసం నంబర్ రాసుకుని కూర్చున్నారా?" అంది. గోడ దగ్గర వైరు లాగేసింది. కూత ఆగింది. కంపెనీ నిజంగా ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని మేనల్లుడు తర్వాత చెప్పాడు. ఆవిడ ఆ సంగతి చదవలేదు, గ్యాస్ బుక్ చేసిన అనుభవంతో తేల్చేసింది.

ఇక మెకానిక్. "ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేస్తాను సార్, అయిదు వందలు." ఒరిజినలేనా అని అడిగితే, "ఒరిజినల్‌లా పనిచేస్తుంది" అన్నాడు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14న నూకలు చెల్లాయి. విండోస్ 11 వేద్దామంటే, అది అడిగే టీపీఎం అనే రక్షణ చిప్ ఈ ముసలి యంత్రంలో లేదు. మెకానిక్‌కు ఇవేవీ పట్టలేదు. "వేసేటప్పుడు యాంటీవైరస్‌ను కాసేపు ఆపాలి సార్, లేకపోతే మన క్రాక్‌ను వైరస్ అనుకుంటుంది" అన్నాడు. క్రాక్ అంటే డబ్బు కట్టని విండోస్‌ను నడిపించే దొంగ తాళంచెవి. కాపలావాడిని నిద్రపుచ్చి గోడ దూకి లోపలికి వెళ్లి తలుపుకు కొత్త తాళం బిగించే పద్ధతి అన్నమాట. ఆఖరున గొంతు తగ్గించి, ఏదో వరం ఇస్తున్నట్టు, "అప్‌డేట్లు మొత్తం ఆపేస్తాను సార్. ఇక జన్మలో మిమ్మల్ని అడగదు" అన్నాడు. నిజం చెప్పాలంటే నా మనసు అక్కడ ఊగింది.

అప్పటికే బస్సెక్కిన మేనల్లుడు సమయానికి దిగాడు. నల్లటి కిటికీ ఒకటి తెరిచి అందులో ఒకే ఒక్క వరుస ఆదేశం కొట్టాడు. పెన్ డ్రైవ్‌లో దాగిన ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి, మా వంశం మళ్లీ బరువెక్కింది. కావలసిన ఫొటోలూ కాగితాలూ వేరే డిస్కులోకి తీసి, పరీక్షించి, పాతదంతా తుడిచేసి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేశాడు. బ్యాంకు పాస్‌వర్డులు తన ల్యాప్‌టాప్‌లోంచి మార్పించాడు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఆ నంబర్‌ను క్యాలెండర్ మీద రాశాడు. ఇదంతా ఒక్క పూట పని. పదిహేనేళ్లు నేను తప్పించుకున్నది ఈ ఒక్క పూటనే!

వెళ్తూ వెళ్తూ ఒక బాంబు వేశాడు. "మామయ్యా, ఆ ఆధార్ కాపీలు బయటికి పోయాయో లేదో ఎవరూ చెప్పలేరు. పోయాయనే అనుకోండి. 43 మందికీ మీరే ఫోన్ చేసి, ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోమని, అంటే వేలిముద్రలకూ కనుపాపలకూ తాళం వేసుకోమని చెప్పండి. ఇవాళే."

ఇవాళే అని వాడన్నది మొన్న ఆదివారం. జాబితా రాసి, గీతలు కొట్టి, ఫోన్ నంబర్లు ఎదురుగా వేసి సిద్ధంగా పెట్టుకున్నాను. అంతలో మీకు ఉత్తరం రాయడం చాలా రోజులుగా బాకీ ఉందని గుర్తొచ్చి ఇది మొదలుపెట్టాను. జాబితాలో మొదటి పేరు పెద్దబావగారిది, షష్టిపూర్తి టికెట్ల ఆయనే. ఇప్పుడు మధ్యాహ్నం మూడయింది. ఆయన భోజనం చేసి పడుకుంటే నాలుగింటికి గాని లేవరు. గంట అనేది మీలో రెండో వరుస కదూ?

ఇట్లు,
మీ పాత భక్తుడు