అయిదున్నరంటే అయిదున్నరే కదా!

ప్రతి ఆదివారం సాయంత్రం అయిదున్నరకి మా స్నేహితులం నలుగురం విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర కలుద్దాం అనుకుంటాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయిన కురుసుర అది. దాని ముందు గంటసేపు ఒక్కడినే నిలబడటం నాకు మామూలైపోయింది. ఫోన్ చేస్తే ఒకడు "వచ్చేశాన్రా, సిరిపురం దాటేశా" అంటాడు. వెనకాల వాళ్లమ్మ "స్నానానికి నీళ్లు తోడాను, రా" అని పిలవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది! ఇంకొకడు వస్తాడు గానీ మురీ మిక్చర్ బండి దగ్గరే ఆగిపోతాడు. "అన్నా, ఉల్లిపాయ ఇంకొంచెం, నిమ్మకాయ పిండు" అంటూ నిలబడి తింటాడు. పొట్లం నా చేతికొచ్చేసరికి అడుగున నాలుగు పల్లీలు. మూడోవాడు అసలు ఫోనే ఎత్తడు.

వీళ్లే, మా అమ్మ ఆపరేషన్ రోజు తెల్లారి నాలుగింటికి, పిలవకుండానే, ఫ్లాస్కులో టీ పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నారు. అలా రాగలిగినవాళ్లు ఆదివారం ఎందుకు రారన్నదే నా బాధ. ఒక్కసారైనా వెలుతురుండగా నలుగురం ఆ గట్టు మీద కూర్చోవాలని ఉందిరా నాకు.