నెల్లూరు: మనకు మూడక్షరాలు, సర్వర్‌కు 24 బైట్లు

‘నెల్లూరు’ అని రాస్తే మన కంటికి మూడక్షరాలే. ప్రతి లిపికీ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో మాత్రం 8 సంకేతాలు: న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. తెలుగు వెబ్‌సైట్లలో కనిపించే తప్పులు చాలావరకు ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవే. ఇంగ్లిషు టెంప్లేట్ తెచ్చి మాటలు మార్చేస్తే అది తెలుగు సైటు అయిపోదు.

పొడవైన శీర్షికను కుదించడానికి సైట్లు నడిపే పీహెచ్‌పీ భాషలో సబ్‌స్ట్ర్ అనే ఆదేశం వాడితే అది బైట్లను కోస్తుంది. అక్షరం తెగి, చివర ప్రశ్నార్థకమున్న నల్లటి గుర్తు తేలుతుంది. ఎంబీ_సబ్‌స్ట్ర్‌తో ఆ గొడవ తీరుతుంది గానీ, అది లెక్కపెట్టేది సంకేతాలను. నాలుగు దగ్గర ఆపితే ‘నెల్’ మిగులుతుంది. మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీ దగ్గర కోయడమే క్షేమం.

సెర్చ్‌లో చిక్కు ఇంకా లోతు. ఒంగోలులో ఒక హార్డ్‌వేర్ కొట్టుకు సైటు చేశారనుకుందాం. ‘డ్’ తర్వాత ‘వే’ ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనపడని ఒక సంకేతం (200సి) పెడతాయి, కొన్ని పెట్టవు. డేటాబేస్‌లో ఒకలా ఉండి, కొనేవాళ్లు ఇంకోలా కొడితే సరుకు ఉన్నా ‘దొరకలేదు’ అనే వస్తుంది. చూపించే పాఠాన్ని ముట్టుకోకండి. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులోనూ, వాళ్లు కొట్టిన మాటలోనూ ఆ సంకేతాన్ని తీసేయండి. ‘మైపాడు’లోని ఐత్వం కూడా ఒకే సంకేతంగానో, రెండు ముక్కలుగానో ఉండొచ్చు. రెండు వైపులా, ముక్కలను ఒకే సంకేతంగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మారిస్తే కలుస్తాయి.

ఇక కంటికి కనిపించే తప్పు. బటన్‌కు హైట్ 32 పిక్సెళ్లని బిగించి, ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటినదాన్ని దాచేయడం) పెడితే కింది ఒత్తు తెగి నెల్లూరు కాస్తా ‘నెలూరు’ అవుతుంది. హైట్ బదులు ప్యాడింగ్ (చుట్టూ లోపలి ఖాళీ) ఇవ్వండి. లైన్‌హైట్, అంటే పంక్తి ఎత్తు, అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్ల మధ్య ఉండాలి. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి అనే ఫాంటు చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ అందులో బోల్డ్ లేదు. బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతను లావు చేస్తుంది, ఒత్తులు పూడిపోతాయి. శీర్షికలకు రామభద్ర, లేదా అన్ని మందాలూ ఉన్న నోటో సాన్స్ తెలుగు వాడటం మేలు. పేజీ మొదట్లో, భాష ఏదో బ్రౌజర్‌కు చెప్పే ల్యాంగ్ విలువ ‘టీఈ’ (te) అని రాయడం మరవొద్దు.

డీటీపీ సెంటర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టిన మేటర్‌ను అలాగే అతికిస్తే ఇంగ్లిషు అక్షరాల గందరగోళం వస్తుంది. దాంతో చాలామంది మొత్తాన్ని బొమ్మగా పెట్టేస్తున్నారు. ఇది అన్నిటికన్నా పెద్ద నష్టం. ఆ పాఠం సెర్చ్‌కు దొరకదు, చూపులేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాల్సిందే.

రొయ్యల ధరల పట్టికనే చూడండి. రైతు దాన్ని తెరిచేది గుంట గట్టు మీద, ఎండలో, ఫోన్‌లో. లేత బూడిదరంగు అంకెలు అక్కడ కనపడవు. అక్షరానికీ వెనక రంగుకూ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, క్రోమ్‌లోని లైట్‌హౌస్ అనే పరీక్షా పరికరం ఈ తప్పును పట్టిస్తుంది. కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఒక వరుస, కిలో ధర ఒక వరుస, పైన తేదీ. 360 పిక్సెళ్ల వెడల్పులో పక్కకు జరపకుండా ఇవి పట్టాలి.