పెన్‌డ్రైవ్ పెడితే లాప్‌టాప్ పోతుందా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, పైగా పాత ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. దాంతో గుంటూరులో చాలా ఇళ్లలో బాగానే నడిచే లాప్‌టాప్‌లు మూలన పడ్డాయి. ఇదే అదనుగా కాలేజీ పిల్లల తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ చేస్తే ఫైళ్లన్నీ పోతాయట, మదర్‌బోర్డు దెబ్బతింటుందట, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే లాప్‌టాప్ మొదలయ్యేలా చూసే రక్షణ) తీసేయాల్సిందేనట, ఆఖరికి పెన్‌డ్రైవ్ కూడా చెడిపోతుందట. కాబట్టి పాతది అమ్మేసి కొత్తది కొనుక్కోవాలట.

ముందు ఫైళ్ల సంగతి. ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసనుకుంటాను. లినక్స్ మొత్తం ఇమిడి ఉండే ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి చాలామంది వాడేది రూఫస్ అనే ప్రోగ్రాం. స్టార్ట్ నొక్కగానే డేటా మొత్తం చెరిగిపోతుందని పెద్దక్షరాల్లో హెచ్చరిక వస్తుంది. గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ హెచ్చరిక పెన్‌డ్రైవ్ గురించి, హార్డ్ డిస్క్ గురించి కాదు. పెన్‌డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలు ఉంటే ముందు తీసి పెట్టుకోండి, అంతే.

తర్వాత లాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ తెరిచి (డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9) పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, లినక్స్ రకాల్లో ఉబుంటు అయినా మింట్ అయినా ర్యామ్‌లో నడుస్తుంది. వైఫై, సౌండు, తెలుగు కీబోర్డు అన్నీ అక్కడే చూసుకోవచ్చు. మీరే విండోస్ డ్రైవ్ తెరిచి ఏదైనా చెరిపితే తప్ప ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. షట్‌డౌన్ చేసి పెన్‌డ్రైవ్ తీసేస్తే మళ్లీ మీ విండోసే.

నిజంగా ఫైళ్లు పోయే చోటు వేరే ఉంది, ఫార్వర్డ్ దాని ఊసే ఎత్తదు. ఇన్‌స్టాల్ మొదలుపెట్టాక ఒక స్క్రీన్‌లో రెండు దారులు కనిపిస్తాయి: విండోస్ పక్కన వేయడం, డిస్క్ మొత్తం ఎరేజ్ చేసి వేయడం. రెండోది ఎంచుకుని కన్ఫర్మ్ చేశారా, డి డ్రైవ్‌తో సహా అన్నీ గోవిందా. మొదటిదీ పూర్తిగా నిశ్చింత కాదు. అది డిస్క్‌లో విండోస్ ఉన్న భాగాన్ని, అంటే పార్టిషన్‌ను, కుదిస్తుంది. పాత లాప్‌టాప్‌లో బ్యాటరీ ఎటూ చచ్చిపోయి ఉంటుంది, మే నెల ఎండల్లో మన కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. కుదింపు మధ్యలో సరఫరా పోతే పార్టిషన్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో బ్యాకప్ తీసుకుని, ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకు పెట్టి మొదలుపెట్టాలి.

మదర్‌బోర్డు మాటలో మాత్రం ఒక పాత నిజం ఉంది. 2017 చివర్లో ఉబుంటు 17.10 వల్ల కొన్ని మోడళ్లలో, ముఖ్యంగా లెనోవోల్లో, బయోస్ (లాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డులోని ప్రోగ్రాం) సెట్టింగులు సేవ్ కాకుండా పోయాయి. కారణం ఆ ఉబుంటులోని ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవర్, అంటే బయోస్ చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాం. ఉబుంటు కంపెనీ ఆ డౌన్‌లోడ్‌ను ఆపేసి, 2018 జనవరిలో సరిచేసిన 17.10.1ను విడుదల చేసింది. ఆ ఒక్క కూర్పుకు పట్టిన తెగులును ఇప్పటికీ మొత్తం లినక్స్‌కు అంటగట్టడం అన్యాయం.

సెక్యూర్ బూట్ తీసేయాల్సిందే అన్నది పాతబడిన సలహా. ఉబుంటు, ఫెడోరా చాలా ఏళ్లుగా, డెబియన్ 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతాయి. నిజానికి అనవసరంగా దాన్ని కెలికితేనే తంటా. డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం లాంటి ఎన్‌క్రిప్షన్) ఉంటే, తర్వాత విండోస్ తెరవబోయినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోండి, లాప్‌టాప్‌లోనే సేవ్ చేసి మురిసిపోకండి.

ఇక పెన్‌డ్రైవ్ చెడిపోవడం. పని అయ్యాక దాన్ని విండోస్‌లో పెడితే 16 జీబీది కాస్తా కొన్ని ఎంబీలే చూపించొచ్చు, లేదా ఫార్మాట్ చేయమని అడగొచ్చు. లినక్స్ పార్టిషన్లను విండోస్ చదవలేక చూపించే వేషం అది. రూఫస్‌నే మళ్లీ తెరిచి, బూట్ సెలెక్షన్‌లో నాన్-బూటబుల్ ఎంచుకుని స్టార్ట్ నొక్కితే 16 జీబీ మళ్లీ చేతికొస్తుంది.